పడవ నేర్పిన మాస్టారు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న కొట్టు తెరిచి, యూరియా బస్తాల మీద దుమ్ము దులుపుతుంటే ఏలూరు నుంచి ఫోన్ వచ్చింది.

"మాస్టారు పోయారండీ. తెల్లవారుజామున. మీకు చెప్పమన్నారు అమ్మగారు" అంది ఒక ఆడగొంతు.

ఏ మాస్టారని నేను అడగలేదు. బళ్ళో నాకు చదువు చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ ఇన్నేళ్ళుగా నేను 'మాస్టారూ' అని పిలుస్తున్నది ఒక్కరినే. నలభై ఆరేళ్ళ వయసులో నన్ను తరగతిలో కూర్చోబెట్టి పడవ నడపటం నేర్పినాయన్ని.

కొట్టు మూసేసి, తాడేపల్లిగూడెం స్టేషన్లో దొరికిన బండెక్కాను. భీమడోలు దాటేదాకా ఆయన మొహం గుర్తు తెచ్చుకుందామని చూశాను. మొహం రాలేదు. బూట్లు వచ్చాయి. పాతబడి ముడతలు పడ్డ నల్ల తోలు బూట్లు. పడవలోకి దిగే ముందు ఆయన వాటిని విప్పి, మేజోళ్ళు మడిచి లోపల కుక్కి, ముందు భాగం రోడ్డు వైపు ఉండేలా గట్టు మీద పక్కపక్కన పెట్టేవారు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, జేబురుమాలు తలకి కట్టుకుని, అప్పుడు నీళ్ళలో కాలు పెట్టేవారు. బూట్లు అటువైపు తిప్పి పెడతారెందుకని ఒకసారి అడిగాను.

"తిరిగొచ్చాక వేసుకుని వెళ్ళిపోవటానికి వీలుగా ఉంటుందండీ" అన్నారు.

కైకలూరు అవతల మాకొక చేపల చెరువుంది. మాకు అంటే నాకూ, మా బావగారికీ. బావగారంటే మా ఆవిడ అన్నగారు. ఆయన సరదా మనిషి. చలికాలంలో కొల్లేటికి గూడబాతులు దిగే రోజుల్లో ఆదివారం పూట నీళ్ళమీద తిరగాలని ఆయన కోరిక. ఇద్దరం కలిసి ఆరుగురు కూర్చునే ఫైబర్ పడవొకటి, దానికి వెనక బిగించే మోటారూ కొన్నాం. కొన్న నెల్లోపే అధికారులు వచ్చి కాయితాలు అడిగారు. అక్కడా ఇక్కడా పడవలు మునిగి జనం పోతున్నారని అప్పటికే నిబంధనలు గట్టి చేశారు. అద్దెకి తిప్పేవాళ్ళకే కాదు, సొంత సరదాకి మోటారు పడవ నడిపేవాళ్ళకి కూడా శిక్షణ ఉండాలి. పరీక్ష పాసవ్వాలి. లైసెన్సు చేతిలో ఉండాలి.

"నీళ్ళమీద కూడా లైసెన్సేంటండీ!" అని బావగారు నవ్వారు. "ఓపిక మీకే ఎక్కువ. మీరెళ్ళి తెచ్చేయండి బావగారూ. మీరు నడుపుదురుగాని, నేను కూర్చుంటాను."

అలా నేను ఏలూరు వెళ్ళాను. ఒక ఆఫీసు పైన రేకుల హాలు. ఏప్రిల్ నెల. పది పన్నెండు మందిమి. చెరువుల్లో చేపలకి మేత వేసే పడవలు నడిపేవాళ్ళు కొందరు, కొల్లేటికోట నుంచి ఇద్దరు, నాలాంటి సరదారాయుళ్ళు ముగ్గురు. సన్నగా, పొట్టిగా, డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి ఒకాయన లోపలికొచ్చి, మూలనున్న లైఫ్ జాకెట్ల మూట విప్పారు. గోదావరి మీద లాంచీలు నడిపే సరంగుగా చేసి రిటైరయ్యారట. ఆయన మొదటి మాట ఇది:

"ఏవండీ, అందరూ జాకెట్లు వేసుకోండి."

"ఇక్కడా?" అన్నాను.

"ఇక్కడేనండీ."

ఆ నారింజరంగు జాకెట్లతోనే పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ రేకుల కింద కూర్చున్నాం. భోజనాలప్పుడు కూడా విప్పనివ్వలేదు. పెరుగన్నం తింటుంటే గడ్డం కింద చెమట ధారగా కారుతోంది. "చెమట పట్టిందని ఇక్కడ విప్పినవారు నీళ్ళమీదా విప్పుతారండీ" అనేవారు. మధ్యమధ్య వెనకనుంచి వచ్చి, భుజాల దగ్గర పట్టీలు పట్టుకుని పైకి లాగేవారు. జాకెట్టు చెవుల దాకా లేచిందా, "ఇది బిగించలేదండీ మీరు. నీళ్ళలో ఇదొక్కటే పైకొస్తుంది, మీరు రారు" అని తనే ముందుకొచ్చి, పెళ్ళికొడుకుని ముస్తాబు చేసినంత శ్రద్ధగా ఒక్కొక్క బకిలూ బిగించేవారు.

కొల్లేటికోట వాళ్ళలో ఒకతను ఉండబట్టలేక అన్నాడు. "మేం పుట్టిందే నీళ్ళలో మాస్టారూ. మాకెందుకండీ ఇదంతా?"

"మీకు అక్కర్లేదేమోనండీ. మీ పడవలో కూర్చునేవారు రోడ్డు మీద పుట్టారు కదా" అన్నారాయన.

ఆయన గొంతు పెరగటం నేనెప్పుడూ వినలేదు. పరీక్షలో తప్పినవాళ్ళతో కూడా, ఏదో ఆయనదే పొరపాటైనట్టు, "ఈసారికి రాలేదండీ" అనేవారు. నాకు మొదటిసారి ఆ మాట పడవ కదలకముందే వినపడింది. మోటారుకి ఒక ఎర్ర తాడుంటుంది. నడిపే మనిషి దాన్ని చేతికి తగిలించుకోవాలి. మనిషి నీళ్ళలో పడితే తాడు ఊడొచ్చి మోటారు ఆగిపోతుంది. నేను తగిలించుకోలేదు. మోటారు స్టార్ట్ చేశానో లేదో "ఆపండి. ఈసారికి రాలేదండీ" అన్నారు. ఆ ఒక్క నిమిషం పరీక్ష కోసం నేను కొట్టు మూసుకుని తాడేపల్లిగూడెం నుంచి వచ్చాను.

రెండోసారి తాడు తగిలించుకున్నాను. నడుపుతుండగా ఆయన సంచిలోంచి ఒక కొబ్బరికాయ తీసి నీళ్ళలోకి విసిరి, "మనిషి పడ్డారండీ" అన్నారు. నేను కంగారుగా పడవ తిప్పి, నేరుగా కాయ మీదికి పోనిచ్చాను. పీచు ముక్కలు ఎగిరాయి. ఆయన నీళ్ళలోకి వంగి, చెక్కుకుపోయిన కాయని తీసి నా ఒళ్ళో పెట్టారు.

"మనిషిని కోసేశారండీ. దగ్గరికొచ్చాక మోటారు ఆపాలి. మిగిలిన దూరం తెడ్డుతో వెళ్ళాలి. తొందర మనకే గాని, మోటారుకి తెలియదు."

ఆ రోజు భోజనాల దగ్గర నేను కాస్త ఉక్రోషంగానే అడిగాను. "మాస్టారూ, మీ చేతిలో ఎప్పుడైనా పడవ మునిగిందాండీ?" ఇంత చాదస్తం వెనక ఏదో ఉండే ఉంటుందని మేమంతా అనుకునేవాళ్ళం.

ఆయన ముద్ద ఆపారు. "లేదండీ. నా చేతిలో ఎవరూ పోలేదు. వరదల్లో తిప్పాను, తుపాన్లలో తిప్పాను. ఎవరూ పోలేదు." తర్వాత మెల్లగా అన్నారు. "ఎందుకు పోలేదో నాకు తెలియదండీ. అదే నా భయం."

మూడోసారి పరీక్షకి నాతో కలిపి ఆరుగురిని పడవలో కూర్చోబెట్టి, నేను మోటారు చూసుకుంటుంటే తనూ వచ్చి చివర కూర్చున్నారు. "తియ్యండి" అన్నారు. నేను లెక్కపెట్టాను. ఏడు.

"మాస్టారూ, మీరు దిగాలండీ" అన్నాను.

"నేను పరీక్ష పెట్టేవాడినండీ. నేను లేకుండా ఎలా?"

"అయినా దిగాలండీ. లేకపోతే ఇంకొకరిని దింపండి. ఏడుగురితో నేను తియ్యను."

ఆయన అలాగే నా మొహంలోకి చూస్తూ లేచి, మోకాలు లోతు నీళ్ళలోకి దిగారు. నవ్వారు. ఆయన నవ్వటం నేను చూసింది అదే మొదటిసారి. సాయంత్రం కాయితం మీద సంతకం పెట్టి ఇస్తూ, "ఇవాళ వచ్చిందండీ. రేపూ వస్తుందని దీని అర్థం కాదు" అన్నారు. తర్వాత ఒక రోజు తనే పనిగట్టుకుని మా చెరువు దగ్గరికొచ్చి, పడవకి రెండువైపులా ఎర్ర ఎనామిల్ రంగుతో గీత గీసి వెళ్ళారు. ఆ గీత నీళ్ళలో మునిగితే మనిషి ఎక్కువైనట్టు.

ఇక్కడి నుంచి రాయటం కష్టం. అయినా ఇది రాయకుండా ఆయన గురించి రాస్తే అబద్ధమవుతుంది.

ఆ ఏడే కార్తీకమాసంలో ఒక ఆదివారం. బావగారి వైపు చుట్టాలు వచ్చారు. చెరువు గట్టు మీద వంటలు. భోజనాలయ్యాక పక్షుల్ని చూద్దామన్నారు. సగంమందిని తిప్పి తెచ్చి, తర్వాత మిగతావాళ్ళని తీసుకెళ్దామని నేను అనుకున్నాను. మోటారు చూసుకుని తలెత్తేసరికి పడవ నిండిపోయింది. బావగారూ, ఆయన భార్యా, నేనూ కలిపి తొమ్మిదిమంది. ఎర్రగీత నీళ్ళ కిందికి పోయింది.

"ముగ్గురు దిగాలండీ" అన్నాను.

"ఎవరిని దిగమంటారు బావగారూ?" అన్నారాయన నవ్వుతూ. "మా పిన్నినా, మా పెద్దమ్మనా? వీళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారు? ఒక్క చుట్టు తిప్పి తెచ్చేయండి."

అందరూ నా వైపే చూస్తున్నారు. కొత్త చీరలు కట్టుకుని, ఫోన్లు చేతబట్టుకుని. నేను మోటారు ముట్టుకోకుండా పడవ దిగి గట్టు మీద నిలబడితే చాలు. అది నాకు తెలుసు. మాస్టార్ని దిగమన్నవాడిని చుట్టాలని దిగమనలేకపోయాను. మొహమాటం. ఎర్ర తాడు చేతికి తగిలించుకుని మోటారు స్టార్ట్ చేశాను.

కొల్లేట్లో చాలా దూరం వెళ్ళాక గూడబాతుల గుంపు ఒక్కసారిగా లేచింది. అందరూ ఫోటోల కోసం ఒకవైపుకి ఒరిగారు. ఇద్దరు లేచి నిలబడ్డారు. అప్పుడే గాలి తిరిగింది. అంచు మీంచి నీళ్ళు లోపలికొచ్చాయి. కూర్చోండి కూర్చోండి అని నేను అరుస్తుండగానే పడవ బోర్లాపడింది.

కొల్లేరు పెద్ద లోతుండదంటారు. చాలాచోట్ల నిజమే. మేం పడ్డచోట చెరువు కోసం ఎప్పుడో తవ్విన కాలవ ఉంది. కింద బురద, పైన గుర్రపుడెక్క. పక్కనే నీళ్ళలో మునిగి ఉన్న పాత గట్టొకటి కాళ్ళకి తగిలితే, ఒకరినొకరం పట్టుకుని దాని మీద నిలబడ్డాం. చేపలు పట్టేవాళ్ళు కేకలు విని దోనెల మీద వచ్చి ఒక్కొక్కరినీ ఎక్కించుకున్నారు. ఎనిమిదిమందిమి తేలాం. బావగారు కనపడలేదు. ఆయన దొరికేసరికి పొద్దు వాలింది. ఒంటి మీద జాకెట్టు లేదు. పడవలో ఉన్నవి ఆరు జాకెట్లే. ఎవరు వేసుకున్నారో, ఎవరు వేసుకోలేదో నేను చూడలేదు.

విచారణ మొదలైంది. మా లాయరు ఒక దారి చెప్పాడు. "శిక్షణలో బరువు సంగతి సరిగా చెప్పలేదనండి. ఆ మాస్టారు కూడా కాస్త అటూ ఇటూగా మాట్లాడితే మీ మీద తీవ్రత తగ్గుతుంది." మునిగినవాడికి ఏది దొరికినా పట్టుకోవాలనే ఉంటుంది. నేను మాస్టారింటికి వెళ్ళాను. ఏలూరు కాలవ పక్కన చిన్న పెంకుటిల్లు. ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చిచ్చారు. నేను గ్లాసు పట్టుకునే విషయం చెప్పాను. సిగ్గులేకుండా చెప్పాను.

ఆయన అంతా విన్నారు. "మీకు కష్టం వచ్చిందండీ. చాలా పెద్ద కష్టం" అన్నారు. "కానీ నేను చెప్పాను కదండీ మీకు. మీకు తెలుసు కదా."

"తెలుసు మాస్టారూ. తెలియదని చెప్పమంటున్నాను."

"అది నావల్ల కాదండీ" అన్నారు. ఈసారికి రాలేదండీ అన్నంత మెత్తగానే.

విచారణ రోజు నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపు తీసే ఉంది. బరువు గురించి ఈయనకి నేర్పారా అని అధికారి అడిగారు. "నేర్పానండీ" అన్నారు మాస్టారు. ఆయనకి అర్థమైందని మీకెలా తెలుసు అని అడిగారు.

"పరీక్షలో ఏడో మనిషిగా నేనే ఎక్కి కూర్చున్నానండీ. ఆయన నన్ను దిగమన్నారు. దిగేదాకా పడవ తియ్యలేదు. ఆయనకి బాగా తెలుసండీ."

నా లైసెన్సు రద్దు చేశారు. పడవ తీసుకెళ్ళిపోయారు. కోర్టు వేసిన శిక్ష అనుభవించాను. దాని గురించి ఇంతకంటే రాయను. ఆ రోజుల్లో బావగారి కంటే ఎక్కువగా మాస్టారి మీద ఆలోచన పెట్టుకుని బతికాను. ఆయన మీద కోపమే నాకు ఆసరా అయింది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట సాయం చేయలేదు ముసలాయన అని మా ఆవిడతో రోజూ అనేవాణ్ణి. మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయేది. పోయింది ఆవిడ అన్నగారు.

అంతా అయిపోయి ఇంటికొచ్చాక, ఒక గురువారం పొద్దున్న మాస్టారు మా కొట్టు ముందు నిలబడ్డారు. పాసింజరు బండిలో వచ్చి, స్టేషన్నించి నడిచొచ్చారు. కూర్చోమని అనలేదు నేను. ఆయనే బస్తా మీద కూర్చున్నారు.

"వచ్చేవారం తరగతుందండీ. మీరు రావాలి."

"నాకు లైసెన్సు లేదుగా మాస్టారూ. మీ దయవల్ల."

"పడవ నడపటానికి కాదండీ. జరిగింది చెప్పటానికి. మునక్కుండా ఎలా ఉండాలో నేను చెప్పగలను. తెలిసీ ఎలా మునిగామో మీరే చెప్పాలి."

నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళిపొమ్మన్నాను. నిజంగానే ఆ మాట అన్నాను. ఆయన లేచి, "వెళ్తానండీ" అని వెళ్ళిపోయారు. తర్వాతి శిక్షణకి ముందు వారం మళ్ళీ వచ్చారు. మళ్ళీ పొమ్మన్నాను. అలా నాలుగుసార్లు. నాలుగోసారి ఆయన వెళ్ళాక, బావగారి భార్య, నేను అక్కయ్యగారని పిలిచే ఆవిడ, కొట్టు మెట్లెక్కి వచ్చారు. వాళ్ళిల్లు మా వీధిలోనే. ఆ ఆదివారం తర్వాత ఆవిడతో నేను సూటిగా మాట్లాడింది లేదు. ఎదురైతే వీధి అవతలికి తప్పుకునేవాణ్ణి.

"వెళ్ళు తమ్ముడూ" అన్నారావిడ. "నన్ను చూసి తల తిప్పుకుంటూ ఎన్నాళ్ళు తిరుగుతావు? అక్కడన్నా తలెత్తి చెప్పు."

వెళ్ళాను. అదే హాలు, అవే రేకులు, జాకెట్లు వేసుకుని చెమటలు కక్కుతున్న కొత్త మనుషులు. నన్ను పక్కన నిలబెట్టుకుని మాస్టారు ఇలా మొదలుపెట్టారు:

"ఇన్నేళ్ళలో నా చేతిలో ఒకరు పోయారండీ. ఆ పడవ నడిపింది వీరు."

నేను చేసింది ఆయన తన ఖాతాలో వేసుకుంటున్నారు. విచారణలో నన్ను వదలని మనిషి ఇక్కడ తనని కూడా వదల్లేదు. ఏం చెప్పానో నాకు సరిగా గుర్తులేదు. ఎవరిని దిగమంటారు బావగారూ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆయన ఓదార్చలేదు, మెచ్చుకోలేదు. "ఏవండీ, జాకెట్లు సరిచూసుకోండి. గట్టు దగ్గరికి వెళ్దాం" అన్నారు.

గట్టుకి వెళ్ళే బస్సులో పక్కన కూర్చుని అడిగాను. "నేను చేసిన తప్పు మీ చేతిలో అంటారేంటి మాస్టారూ?"

"మీది మీదేనండీ. దాన్ని నేను తీసుకోను" అన్నారు. కిటికీలోంచి చెరువుల వైపు చూస్తూ అన్నారు. "మాస్టార్ని దిగమనటం మీకు నేర్పాను. చుట్టాలని దిగమనటం నేర్పలేదు. అది వేరే పాఠమని నాకు తట్టలేదండీ. ఆ తప్పు నాది."

ఆ తర్వాత ఆయన పరీక్ష మారిపోయింది. పరీక్షకి వచ్చేవాళ్ళని ఇంట్లోవాళ్ళని వెంటబెట్టుకు రమ్మనేవారు. తల్లులు, తోడల్లుళ్ళు, పెళ్ళాం తరపువాళ్ళు. రూల్సులో లేదని ఆఫీసువాళ్ళు సణిగారు. "రూల్సులో వద్దని కూడా లేదు కదండీ" అని ఊరుకున్నారు. గట్టు మీద ఆ వరస చూడాలి. పడవ నిండా బంధువుల్ని ఎక్కించి, చివరగా కాస్త గౌరవించాల్సిన మనిషిని చెయ్యిపట్టుకుని తనే ఎక్కించేవారు. కొల్లేటికోట కుర్రాడొకడి పరీక్షకి వాళ్ళ అత్తగారు వచ్చింది. అతను చెమటలు తుడుచుకుంటూ, నీళ్ళ వైపు చూస్తూ, "అత్తయ్యగారూ, మీరు... కొంచెం దిగాలండీ" అన్నాడు. ఆవిడ మొహం ముడుచుకుని దిగి, చెట్టు కిందికి పోయి కూర్చుంది. మాస్టారు ఆవిడ దగ్గరికెళ్ళి చేతులు జోడించారు. "కోప్పడకండమ్మా. మీవల్లే మీ అల్లుడుగారు పాసయ్యారు." కొంతమంది మూడుసార్లు, నాలుగుసార్లు వచ్చేవాళ్ళు. మోటారు విప్పి బిగించగలిగినవాళ్ళు కూడా బావమరిది దగ్గర తప్పేవాళ్ళు. "ఈసారికి రాలేదండీ" అనేవారు వాళ్ళతో. "ఇంటికెళ్ళి అద్దం ముందు అనుకోండి. దిగండి, దిగండి అని. నోటికి అలవాటవ్వాలి."

నేను ప్రతి తరగతికీ వెళ్ళాను. ఆయన అడగటం మానేశాక కూడా వెళ్ళాను. ఆయనకి ఆయాసం వచ్చి మేడమెట్లు ఎక్కలేకపోతే, కింద స్కూటర్లు పెట్టే చోట కుర్చీ వేసుకుని పాఠం చెప్పారు. అదీ కుదరక మంచమెక్కాక ఒకసారి చూడటానికి వెళ్ళాను. తలగడలు ఎత్తుపెట్టుకుని కూర్చుని ఉన్నారు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకుంటున్నారు.

"మాస్టారూ, ఆ రోజు మీరు నా తరపున ఒక్క మాట చెప్పి ఉంటే..." అని మొదలుపెట్టాను. ఎందుకు మొదలుపెట్టానో తెలియదు. కోపం పోయి చాలా కాలమైంది.

"చెప్పొచ్చండీ" అన్నారు. "మా ఆవిడ కూడా చెప్పమంది. ఆ రాత్రి ఇద్దరం అన్నాలు తినలేదు. చెబితే, నేర్చుకున్నాక కూడా తెలియదనొచ్చని అందరికీ తెలిసిపోతుంది. అప్పుడిక నేను ఎవరికి ఏం నేర్పనండీ?"

ఆ రోజు వచ్చేస్తుంటే గుమ్మం దాకా వినపడేలా, "తరగతి మానకండి" అన్నారు. ఆయన నోట నేను విన్న ఆఖరి మాట అదే.

ఆ మంగళవారం ఆయనింటి ముందు కాలవగట్టు మీద జనం పట్టలేదు. బంధువులు తక్కువే. మేత పడవలు నడిపేవాళ్ళు, లంకలవాళ్ళు, ఏలూరు వైద్యుడొకాయన, అందరూ ఒకప్పుడు ఆయన చేతిలో తప్పినవాళ్ళే. కొల్లేటికోట కుర్రాడి అత్తగారు కూడా వచ్చింది. వాళ్ళ పొలం గట్టు మీద కాసిన చామంతులు కోసుకొచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

మొన్న శనివారం మళ్ళీ తరగతి. మాస్టారి దగ్గరే నేర్చుకున్న ఒకమ్మాయి ఇప్పుడు పాఠం చెబుతోంది. వెళ్ళాలా వద్దా అని పొద్దున్న ఊగిసలాడుతుంటే అక్కయ్యగారు చేతిసంచితో వీధిలోకి వచ్చి నిలబడ్డారు. "నేనూ వస్తాను తమ్ముడూ" అన్నారు. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ హాలుకి రాలేదు.

హాల్లో వెనక బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు. ఆ అమ్మాయి నన్ను పిలిచింది. నేను లేవబోతుంటే అక్కయ్యగారు నా భుజం మీద చెయ్యివేసి ఆపి, తను లేచారు. కొంగు భుజం మీదికి లాక్కుని, ఎవరివైపూ చూడకుండా చెప్పటం మొదలుపెట్టారు.

"మా ఆయన జాకెట్టు వేసుకునే పడవెక్కారండీ. నేను జాకెట్టు లేకుండా ఎక్కాను. చీర నలిగిపోతుందని వద్దన్నాను. పడవ కదిలాక నాకు భయమేసింది. నాకు ఈత రాదు. ఆయన నవ్వి, తనది విప్పి నాకు తొడిగారు. నేను వద్దనలేదు."

నాకు ఈ సంగతి తెలియదు. మా ఆవిడకీ తెలియదు. విచారణలో ఎక్కడా లేదు.

"ఇది మాస్టారొక్కరికే చెప్పానండీ" అన్నారావిడ. "ఈ తమ్ముడి కొట్టుకి వచ్చిన మొదటి రోజు ఆయన ముందు మా ఇంటికే వచ్చారు. అరుగు మీద కూర్చున్నారు. ఎవరికీ చెప్పని మాట, ఎందుకో ఆయనకి చెప్పేశాను. వెళ్ళేటప్పుడు, 'ఇది మీదమ్మా. మీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పండి. అనిపించకపోతే వద్దు' అన్నారు. తర్వాత ఎన్నిసార్లు మా వీధికి వచ్చినా, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు."

నా విషయంలో ఒక్క అక్షరం దాచని మనిషి ఆవిడ మాటని ఆఖరిదాకా తన దగ్గరే ఉంచుకున్నారు. నాతో బస్సుల్లో అన్నిసార్లు పక్కన కూర్చుని కూడా.

అక్కయ్యగారు ఇంకా ఏదో చెప్పబోయి ఆగారు. కూర్చుని, సంచి ఒళ్ళోకి తీసుకుని, కిటికీ వైపు తల తిప్పుకున్నారు. జాకెట్లు వేసుకున్న కొత్తవాళ్ళు పన్నెండుమందీ నా వైపు చూశారు. నేను లేచి, ఆవిడ ఆపిన చోట అందుకున్నాను.